సుల్తాన్ బైబర్స్ కాలం: సింహాసనం ఎదుట సత్యవాక్కు

సమస్త ప్రశంసలూ సృష్టికర్త, పరిపాలకుడు, తీర్పుదినానికి ఏకైక యజమాని అయిన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన దాసుడు, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరులందరి పైన శాంతీ శుభాలూ వర్షించుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

మన మసీదులలో అస్ర్ నమాజు తర్వాతనో, ఇషా తర్వాతనో ఒక గ్రంథం తెరిచి రెండు హదీసులు చదవడం చాలా చోట్ల వాడుకగా ఉంది. ఆ గ్రంథం రియాజుస్సాలిహీన్. అది తెలుగులోకీ వచ్చింది. మనలో ఎందరి ఇళ్లలోనో ఖుర్ఆన్ పక్కన అలమారలో ఉంది. దానిని కూర్చినవారు ఇమామ్ నవవీ (రహిమహుల్లాహ్) అని మనకు తెలుసు. అయితే వారు ఏ కాలంలో జీవించారు, ఏ సుల్తాన్ పాలనలో ఆ గ్రంథాన్ని రాశారు, ఆ సుల్తాన్‌కూ వారికీ నడుమ ఏమి జరిగింది అన్న విషయాలు మనలో కొద్దిమందికే తెలుసు.

ఆ సుల్తాన్ పేరు అల్ మలికుజ్జాహిర్ రుక్నుద్దీన్ బైబర్స్. ఈజిప్టు, షామ్ దేశాలను హిజ్రీ 658 నుండి 676 వరకు, అంటే క్రీ.శ. 1260 నుండి 1277 వరకు పాలించాడు. హిజ్రీ 676వ సంవత్సరం ముహర్రం నెలలో సుల్తాన్ మరణించాడు. అదే సంవత్సరం రజబ్ నెలలో ఇమామ్ నవవీ మరణించారు. ఒకరు ఖడ్గంతో, మరొకరు కలంతో ఒకే నేలపై ఒకే కాలంలో బ్రతికి, ఒకే సంవత్సరంలో అల్లాహ్ సన్నిధికి చేరారు. నేటి ఖుత్బాలో ఈ ఇద్దరి కాలాన్ని గుర్తు చేసుకుందాం. గతాన్ని పొగుడుకోవడం మన ఉద్దేశం కాదు. శక్తిమంతుడు బలహీనుని నుండి ఏదైనా కోరేముందు తాను ఏమి చేయాలి అన్న ఒక ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన సమాధానాన్ని తెలుసుకోవడం మన ఉద్దేశం.

ఉమ్మత్ అనాథ అయిన రోజులు

హిజ్రీ 656లో, అంటే క్రీ.శ. 1258లో, చెంగిజ్ ఖాన్ మనుమడైన హులాకు సేనలు బగ్దాద్‌ను ముట్టడించి నేలమట్టం చేశాయి. ఐదు శతాబ్దాలుగా అబ్బాసీ ఖలీఫాల రాజధానిగా వెలిగిన నగరం అది. ఖలీఫా ముస్తాసిమ్ హతుడయ్యాడు. రెండేళ్లు తిరగకముందే హలబ్ పడిపోయింది. ఆపైన డమాస్కస్ తాతారుల వశమైంది. ముస్లిం లోకానికి ఖలీఫా లేడు. ఒకవైపు తాతారులు, మరొకవైపు సముద్రతీరం పొడవునా కోటలు కట్టుకుని కూర్చున్న సిలువ యోధులు. నడుమ మిగిలింది ఈజిప్టు ఒక్కటే.

ఆ ఈజిప్టును పాలిస్తున్నవారు మమ్లూకులు. మమ్లూక్ అన్న అరబీ పదానికి ఇతరుల సొత్తు అయినవాడు, బానిస అని అర్థం. నల్ల సముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల నుండి తుర్కీ బాలురను వ్యాపారులు తెచ్చి అమ్మేవారు. సుల్తాన్లు, అమీర్లు వారిని కొని, ధర్మాన్ని, గుర్రపుస్వారీని, యుద్ధవిద్యను నేర్పి, విముక్తులను చేసి సైన్యంలో నిలిపేవారు. ఆ విముక్త బానిసలే క్రీ.శ. 1250లో ఈజిప్టు అధికారాన్ని చేజిక్కించుకున్నారు.

హిజ్రీ 658 రమజాన్ 25, శుక్రవారం నాడు ఫలస్తీనాలోని ఐన్ జాలూత్ అనే చోట సుల్తాన్ ఖుతుజ్ నాయకత్వంలో మమ్లూక్ సేన తాతారులను ఓడించింది. వారి సేనాని కిత్‌బుఖా ప్రాణాలు కోల్పోయాడు. అడ్డు లేదనుకున్న తాతారు దండయాత్రకు అడ్డు పడింది. ఆ యుద్ధంలో ముందు వరుసలలో పోరాడిన అమీర్లలో బైబర్స్ ఒకడు.

అమ్ముడుపోయిన బాలుడు

బైబర్స్ ఖిప్చాక్ తుర్కీ తెగవాడు. తాతారుల దాడులలో ఆ తెగ చెదిరిపోగా బాల్యంలోనే బానిసగా అమ్ముడుపోయాడు. అతని ఒక కంటిలో తెల్లని మచ్చ ఉండేదనీ, ఎనిమిది వందల దిర్హములకు కొన్న వ్యక్తి ఆ లోపాన్ని చూసి తిరిగి ఇచ్చివేశాడనీ చరిత్రకారులు రాశారు. తర్వాత అయ్‌దకీన్ అల్ బుందుఖ్‌దార్ అనే అమీర్ అతనిని కొన్నాడు. బుందుఖ్‌దారీ అన్న పేరు అలా వచ్చింది. అక్కడి నుండి అయ్యూబీ సుల్తాన్ సాలిహ్ అయ్యూబ్ వద్దకు చేరి, నైలు నదిలోని రౌదా ద్వీపంపై శిక్షణ పొందిన బహ్రీ మమ్లూకుల దళంలో ఎదిగాడు.

సంతలో కన్ను బాగాలేదని తిప్పి పంపబడిన బాలుడు పదిహేడేళ్లపాటు ఈజిప్టు, షామ్ దేశాలకు సుల్తాన్ అయ్యాడు. తాను కోరినవానికి రాజ్యాన్ని ఇచ్చేవాడూ, కోరినవాని నుండి లాగుకొనేవాడూ అల్లాహ్ ఒక్కడే అని ఆలి ఇమ్రాన్ సూరా మనకు బోధిస్తుంది. అయితే రాజ్యం లభించడం ఒక పరీక్ష. అది ప్రభువు ప్రసన్నతకు ముద్ర కాదు. బైబర్స్ సింహాసనానికి నడిచిన దారి కూడా మచ్చలేనిది కాదు. ఐన్ జాలూత్ నుండి తిరిగి వస్తున్న దారిలో విజేత అయిన సుల్తాన్ ఖుతుజ్‌ను కొందరు అమీర్లు కుట్ర పన్ని చంపారు. ఆ కుట్రలో బైబర్స్ ఉన్నాడు. సత్యం చెప్పవలసిన ఈ మింబర్ మీద ఆ మాటను దాచరాదు.

ఖుత్బాలో పలకని పేరు

ఇక్కడ మనం కొన్నేళ్లు వెనక్కు వెళ్లి, ఆ కాలపు మరొక మహనీయుని కలుసుకోవాలి. వారు షేఖ్ ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలామ్ (రహిమహుల్లాహ్). డమాస్కస్‌లోని ఉమయ్యద్ జామె మసీదు ఖతీబు. వారి కాలంలో డమాస్కస్ పాలకుడు తన సొంత బంధువైన ఈజిప్టు సుల్తాన్‌తో ఉన్న వైరం వల్ల సిలువ యోధులతో చేతులు కలిపాడు. సఫద్, షఖీఫ్ కోటలను వారికి అప్పగించాడు. డమాస్కస్ బజారులో ఆయుధాలు కొనుక్కోవడానికి కూడా వారిని అనుమతించాడు. ఆ ఆయుధాల అమ్మకం నిషిద్ధమని షేఖ్ ఫత్వా ఇచ్చారు. ఆపై జుమా ఖుత్బాలో పాలకుని కొరకు దుఆ చేయడం మానివేశారు.

సోదరులారా, ఆ రోజులలో ఖుత్బాలో పాలకుని పేరు పలకడం అంటే అతని పాలనను జనం ఎదుట అంగీకరించడం. ఆ పేరును పలకకుండా వదలడం ఎంతటి మాటో అందరికీ అర్థమైంది. షేఖ్ పదవి పోయింది. నిర్బంధం వచ్చింది. చివరకు వారు ఈజిప్టుకు తరలిపోయారు.

ఈజిప్టులో వారికి ఖాజీ పదవి లభించింది. అక్కడ వారి దృష్టికి ఒక విషయం వచ్చింది. రాజ్యంలో ఉన్నత పదవులలో ఉన్న కొందరు మమ్లూక్ అమీర్లు ధర్మశాస్త్రం ప్రకారం విముక్తి పొందినట్లు రుజువు లేదు. అంటే వారు ఇంకా బైతుల్ మాల్ సొత్తు. వారు చేసే క్రయవిక్రయాలు, వివాహాలు చెల్లవని షేఖ్ తీర్పు చెప్పారు. వారిని బహిరంగంగా వేలం వేసి, ఆ ధనాన్ని బైతుల్ మాల్‌లో జమ చేసి, విముక్తులను చేయాలన్నారు. సుల్తాన్‌కు ఆగ్రహం వచ్చింది. షేఖ్ తన కొద్దిపాటి సామాను గాడిదల మీద వేసుకుని కుటుంబంతో నగరం విడిచి బయలుదేరారు. పండితులు, వ్యాపారులు, సామాన్యులు వారి వెంట నడిచారు. ఆయన వెళితే నీ రాజ్యమూ వెళుతుందని ఎవరో హెచ్చరించగా సుల్తాన్ స్వయంగా ఎదురేగి వెనక్కు పిలుచుకు వచ్చాడు. అమీర్ల వేలం జరిగింది. అందుకే చరిత్ర వారికి అమీర్లను అమ్మినవారు అన్న పేరు పెట్టింది.

తాతారుల మీదకు యుద్ధానికి వెళ్లేముందు సుల్తాన్ ఖుతుజ్ కొలువులో ఒక ప్రశ్న వచ్చింది. ఖజానాలో ధనం చాలదు. ప్రజల నుండి యుద్ధపు పన్ను వసూలు చేయవచ్చునా? శత్రువు ముస్లిం భూమి మీదకు వచ్చినప్పుడు ఎదుర్కోవడం అందరి విధి అని షేఖ్ ఇజ్జుద్దీన్ చెప్పారు. అయితే బైతుల్ మాల్‌లో ఏమీ మిగలకూడదు. అమీర్లు, సైనికులు తమ వద్ద ఉన్న బంగారు నడికట్లను, విలువైన అలంకారాలను అమ్మివేయాలి. ప్రతి ఒక్కరూ తమ గుర్రం, ఆయుధం మాత్రమే ఉంచుకుని సామాన్య జనంతో సమానం కావాలి. ఆ తర్వాతనే ప్రజల సొమ్ము వైపు చేయి చాపవచ్చు. ఇది వారి ఫత్వా సారాంశం.

ఈ క్రమాన్ని గుర్తుంచుకోండి. ముందు పెద్దల నడికట్టు, ఆ తర్వాత పేదవాని సంచి.

షేఖ్ ఇజ్జుద్దీన్ హిజ్రీ 660లో మరణించారు. అప్పటికి బైబర్స్ సుల్తాన్ అయి రెండేళ్లు కూడా కాలేదు. ఖైరో వీధులలో జనాజా వెంట కదిలిన జనసముద్రాన్ని కోట పై నుండి చూసిన సుల్తాన్, తన రాజ్యం ఈనాటికి కుదుటపడిందని, ఈ మనిషి ప్రజలను తిరగబడమని చెప్పి ఉంటే వారు తన రాజ్యాన్ని లాగివేసి ఉండేవారని అన్నట్లు చరిత్రకారులు నమోదు చేశారు.

బైబర్స్ పాలనలోని మేలు

న్యాయంగా మాట్లాడాలంటే బైబర్స్ చేసిన మేలును కూడా చెప్పాలి. ఒక జాతిపై ఉన్న ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం నుండి తప్పించరాదని అల్ మాయిదా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు.

బగ్దాద్ నాశనమైన మూడేళ్లకు, హిజ్రీ 659లో, అబ్బాసీ వంశీయుడొకరిని ఖైరోకు రప్పించి, ఖలీఫాగా బైఅత్ చేశాడు. ఖలీఫా చేతిలో నిజమైన అధికారం లేకపోయినా ఉమ్మత్‌కు పోయిన ఆనవాలు తిరిగి దొరికింది. హిజ్రీ 663లో ఖైరోలో షాఫయీ, హనఫీ, మాలికీ, హంబలీ మజ్హబులు నాలుగింటికీ వేర్వేరు ప్రధాన ఖాజీలను నియమించాడు. అంతకుముందు తీర్పు అంతా ఒక్క షాఫయీ ఖాజీ చేతిలోనే ఉండేది. ఒక మజ్హబ్‌లో ఇరుకైన దారి మరొక మజ్హబ్‌లో వెడల్పుగా ఉంటే సామాన్యునికి ఆ వెసులుబాటు అందింది.

ఈజిప్టు, షామ్ దేశాల నడుమ గుర్రపు టపాను ఏర్పాటు చేశాడు. దారి పొడవునా ఠాణాలు, సిద్ధంగా ఉంచిన గుర్రాలు. డమాస్కస్ వార్త నాలుగు రోజులలో ఖైరోకు చేరేది. దాదాపు ఒక శతాబ్దంగా జుమా ఖుత్బా ఆగిపోయిన అల్ అజ్హర్ మసీదులో హిజ్రీ 665లో, క్రీ.శ. 1266లో, ఖుత్బా తిరిగి మొదలయింది ఆయన పాలనలోనే. హిజ్రీ 667లో ఆయన హజ్ చేశాడు.

అన్నింటికన్న చెప్పుకోదగిన పని ఒకటి ఉంది. హిజ్రీ 662లో ఈజిప్టులో ధాన్యం ధర మండిపోయి, పేదలు ఆకలితో అలమటించారు. సుల్తాన్ పేదలను లెక్క వేయించాడు. కొందరి పోషణ భారం తనపై వేసుకున్నాడు. కొందరిని తన కుమారుని పేర రాయించాడు. మిగిలిన వారిని అమీర్లకు వారి వారి స్థాయిని బట్టి పంచి, కొత్త పంట వచ్చేదాకా మూడు నెలలు అన్నం పెట్టమని ఆజ్ఞాపించాడు. తన గాదెల నుండి ధాన్యం బయటకు తీయించాడు. పైనుండి మొదలై కిందకు సాగిన న్యాయం ఇది.

యుద్ధాలలోనూ ఆయన ఎదురులేనివాడు. ఖైసరియా, అర్సూఫ్, సఫద్, అంతాకియా, హిస్నుల్ అక్రాద్ కోటలను వరుసగా సిలువ యోధుల నుండి గెలుచుకున్నాడు. అయితే హిజ్రీ 666లో, క్రీ.శ. 1268లో, అంతాకియా పట్టుబడినప్పుడు ఆ నగరవాసులపై జరిగిన ఊచకోత ఘోరమైనది. యుద్ధంలో స్త్రీలను, పసివారిని చంపరాదని మన ప్రవక్త (సఅసం) కట్టడి చేశారు. ఆ కొలబద్దతోనే సుల్తాన్ల పనులను కొలవాలి. సుల్తాన్ల పనులతో ధర్మాన్ని కొలవరాదు.

ఆ రోజులలో మన ఓరుగల్లులో కాకతీయ రుద్రమదేవి పాలన సాగుతున్నది. ఢిల్లీలో కూడా బానిస వంశపు సుల్తాన్లే ఉన్నారు.

తోటల తగాదా

ఇక ఇమామ్ నవవీ విషయానికి వద్దాం. వారు హిజ్రీ 631లో డమాస్కస్‌కు దక్షిణాన ఉన్న నవా అనే ఊరిలో పుట్టారు. పంతొమ్మిదేళ్ల వయసులో తండ్రి వెంట డమాస్కస్ వచ్చి రవాహియ్యా మదరసాలో చేరారు. రోజుకు పన్నెండు పాఠాలు చదివేవారు. రోజుకు ఒక్కపూట భోజనం. వివాహం చేసుకోలేదు. హిజ్రీ 665లో పేరుపొందిన దారుల్ హదీస్ అష్రఫియ్యాకు అధిపతి అయ్యారు. అక్కడి జీతం తాను అనుభవించలేదు. సహీహ్ ముస్లిం వ్యాఖ్యానం, అర్బయీన్, అల్ అజ్కార్, మిన్హాజ్ వంటి గ్రంథాలన్నీ నలభై అయిదేళ్ల జీవితంలోనే రాశారు.

డమాస్కస్ చుట్టూ గూతా అనే తోటల ప్రాంతం ఉంది. బరదా నది నీటితో పండే పండ్ల తోటలు. హిజ్రీ 666 ప్రాంతంలో సుల్తాన్ దృష్టి ఆ తోటల మీద పడింది. ఈ భూములు ఒకసారి తాతారుల వశమయ్యాయి. వారి నుండి గెలిచినది మేము. కనుక ఇవి ప్రభుత్వానివి. కాదన్నవారు తమ హక్కుకు ఆధారం చూపాలి. ఇదీ సుల్తాన్ వాదన. ఆ వాదనకు మద్దతుగా మాట్లాడే న్యాయవేత్తలు కూడా కొందరు దొరికారు. తోటలను జప్తు చేశారు. దండయాత్రలో ఇల్లు వదలి పారిపోయి, తిరిగి వచ్చి, తండ్రి నాటిన చెట్టు కింద నిలుచున్న రైతు పత్రం ఎక్కడి నుండి తెస్తాడు?

ఇమామ్ నవవీ సుల్తాన్‌కు లేఖలు రాశారు. ఎవరి అధీనంలో వస్తువు ఉన్నదో అది అతని సొత్తే, అతనిని అడ్డగించరాదు, ఆధారం తెమ్మని బలవంతం చేయరాదు, ఇది ముస్లిం పండితులు ఎరిగిన ధర్మం. ఇది ఆ లేఖలోని వాదం. వానలు తక్కువై, ధరలు పెరిగి, పశువులు చచ్చి షామ్ ప్రజలు ఏ స్థితిలో ఉన్నారో కూడా వివరించారు.

సుల్తాన్ నుండి కఠినమైన జవాబు వచ్చింది. పండితులపై బెదిరింపు ఉంది. తాతారులు ఈ దేశాన్ని ఆక్రమించినప్పుడు మీరంతా ఎక్కడున్నారు, అప్పుడెందుకు నోరు విప్పలేదు అన్న నిందా ఉంది. అధికారం అన్ని కాలాలలోనూ అడిగే ప్రశ్న ఇదే. ఇమామ్ శాంతంగా బదులు రాశారు. ముస్లిం పాలకులను అవిశ్వాస దౌర్జన్యపరులతో ఎలా పోల్చగలము? మన ధర్మాన్నే నమ్మనివారికి దేనిని గుర్తుచేసి బోధించగలము? మీరు విశ్వాసులు గనుకనే మీకు గుర్తుచేస్తున్నాము. ఇక బెదిరింపు విషయమా, అది నాకు నష్టం చేయదు, సుల్తాన్ మేలు కోరి హితవు చెప్పకుండా నన్ను ఆపదు. వారి జవాబు భావం ఇది.

సోదరులారా, ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించండి. ఇమామ్ నవవీ డమాస్కస్ పండ్లు తినేవారు కారు. ఆ తోటలలో అనేకం వక్ఫ్ భూములనీ, అనాథల ఆస్తులనీ, వాటి లావాదేవీలలో ధర్మసందేహం ఉన్నదనీ ఆ పండ్లను ముట్టలేదు. నవా నుండి తల్లిదండ్రులు పంపే రొట్టె, అత్తిపండ్లతోనే కాలం గడిపారు. తాను ఒక్క పండు కూడా నోట పెట్టని తోటల కొరకు, వాటి యజమానుల హక్కు కొరకు సుల్తాన్ కోపానికి ఎదురు నిలిచారు. వారి మాటకు బరువు అక్కడి నుండి వచ్చింది.

సంతకం చేయని చేయి

తర్వాతి కాలపు మహాపండితుడు జలాలుద్దీన్ సుయూతీ తన హుస్నుల్ ముహాదరా గ్రంథంలో మరొక సంఘటనను నమోదు చేశారు. తాతారులపై యుద్ధానికి షామ్ ప్రజల నుండి ధనం వసూలు చేయవచ్చునని సుల్తాన్ బైబర్స్ పండితుల నుండి ఫత్వా తీసుకున్నాడు. అందరూ సంతకాలు చేశారు. ఇంకెవరైనా మిగిలారా అని అడుగగా ఇమామ్ నవవీ మిగిలారన్నారు. పిలిపించాడు. వారు నిరాకరించారు.

కారణం అడిగినప్పుడు వారు చెప్పిన మాటల భావం ఇది: నీవు బుందుఖ్‌దార్ వద్ద ధనం లేని బానిసవని నాకు తెలుసు. అల్లాహ్ నిన్ను అనుగ్రహించి సుల్తాన్‌ను చేశాడు. నీ వద్ద వెయ్యి మంది మమ్లూకులు ఉన్నారని, ఒక్కొక్కరికి బంగారు నడికట్టు ఉందని విన్నాను. రెండు వందల మంది దాసీలు ఉన్నారని, ఒక్కొక్కరికి నగలు ఉన్నాయని విన్నాను. ఆ బంగారమంతా ఖర్చు చేసి, నీ మమ్లూకులు ఉన్ని నడికట్లతో, దాసీలు నగలు లేని దుస్తులతో మిగిలిన రోజున ప్రజల సొమ్ము తీసుకోవడానికి ఫత్వా ఇస్తాను.

సుల్తాన్ ఆగ్రహించి నగరం విడిచి పొమ్మన్నాడు. ఇమామ్ తన ఊరు నవాకు వెళ్లిపోయారు. పండితులు బ్రతిమాలి, తిరిగి రప్పించడానికి అనుమతి సంపాదించారు. సుల్తాన్ ఉన్నంతకాలం అడుగుపెట్టనన్నారు ఇమామ్. నెల తిరిగేసరికి సుల్తాన్ డమాస్కస్‌లో మరణించాడని సుయూతీ రాశారు.

యుద్ధం అవసరమే కదా, శత్రువు ఎదుట ఉండగా సుల్తాన్ చేతులు కట్టివేయడం మంచిదా అని ఎవరికైనా సందేహం రావచ్చు. ఇమామ్ నవవీ యుద్ధం వద్దనలేదు. పన్ను ఎన్నడూ కూడదని కూడా అనలేదు. సుల్తాన్‌పై తిరగబడమని ఎవరినీ ప్రేరేపించలేదు. షేఖ్ ఇజ్జుద్దీన్ ఖుతుజ్‌కు చెప్పిన క్రమాన్నే బైబర్స్‌కు గుర్తు చేశారు. కరవు నాడు పేదలను తన పేర, తన కుమారుని పేర, తన అమీర్ల పేర రాయించిన బైబర్స్‌కు ఆ క్రమం తెలియనిది కాదు. తెలిసినదానిని మరచినప్పుడు గుర్తు చేయడానికే అల్లాహ్ సమాజంలో పండితులను ఉంచాడు. ధర్మమంటే శ్రేయోభిలాషే అనీ, అది పాలకుల పట్ల, సామాన్యుల పట్ల కూడా ఉండాలనీ మన ప్రవక్త (సఅసం) చెప్పారు. దుర్మార్గ పాలకుని ఎదుట పలికిన సత్యవాక్కును ఉత్తమమైన జిహాద్‌గా వారు పేర్కొన్నారు. ఈ హదీసులు రెండూ రియాజుస్సాలిహీన్‌లో ఉన్నాయి. ఆ గ్రంథం పూర్తయినది హిజ్రీ 670 రమజాన్‌లో, డమాస్కస్‌లో, తోటల తగాదా నడిచిన కొద్ది ఏళ్లకే. ఆ పుటలు రాసిన చేయి ఎటువంటిదో తెలిసిన తర్వాత వాటిని చదివే తీరు మారాలి.

ఇప్పుడు మన వంతు

మాన్య సోదరులారా! మనలో సుల్తాన్లు ఎవరూ లేరు. కాని ప్రతి ఒక్కరూ కాపరే అని, తమ అధీనంలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతారని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. కనుక ఎవరి చేతిలో ఎంత అధికారం ఉన్నదో అంత మేరకు వారే బైబర్స్.

తండ్రి పోయాక పొలం కాగితాలు అన్న చేతిలో ఉంటాయి. చెల్లెలు తన వాటా అడిగితే పెళ్లికి పెట్టిన ఖర్చు లెక్క చెబుతాడు, ఆధారం చూపమంటాడు. ఆమె వాటాకు ఆధారం అన్నిసా సూరాలో ఉంది. అల్లాహ్ స్వయంగా రాసిన వాటాకు ఇంకే పత్రం కావాలి? గూతా రైతును పత్రం అడిగిన సుల్తాన్‌ను చూసి మనం తల ఊపుతాము. మన ఇంట్లో జప్తు అయిన తోట మన కంటికి కనిపించదు.

మసీదు నిర్మాణానికి చందా అంటాము. రోజు కూలి చేసుకునే సోదరుని ముందు రసీదు పుస్తకం పెడతాము. మంచి పనే. అయితే ఆ పుస్తకంలో మొదటి పేజీ కమిటీ పెద్దలదే కావాలి. ఇంటిలో ఖర్చు తగ్గించాలని భార్యాబిడ్డలకు చెప్పే యజమాని ముందు తన ఖర్చు తగ్గించుకోవాలి. ముందు నడికట్టు, తర్వాత సంచి.

ఇక మా సంగతి. మింబర్ మీద నిలిచే మేము ఇతరులకు మాత్రమే ఈ చరిత్ర చెప్పి దిగిపోతే అది మోసమవుతుంది. మసీదుకు మైకు, ఫ్యాన్లు ఇప్పించిన పెద్దమనిషి మొదటి వరుసలో కూర్చుని ఉండగా, వడ్డీ గురించో, కట్నం గురించో రాసుకున్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్న శుక్రవారాలు మా జీవితాలలో లేవని చెప్పలేము. ఆ కాగితం మడిచినప్పుడల్లా మేము కూడా సంతకం చేసిన పండితుల వరుసలోనే నిలిచాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక. మీరు కూడా మాకు ఒక సహాయం చేయండి. ఖతీబు చెప్పిన మాట మీకు చేదుగా తోచినప్పుడు ముందుగా ఆ మాట నిజమా అని ఆలోచించండి. అతని జీతం గురించి తర్వాత ఆలోచించండి.

అయితే ఒక జాగ్రత్త. సత్యవాక్కు అంటే నోటికి వచ్చినట్లు తిట్టడం కాదు. ఇమామ్ నవవీ సుల్తాన్‌ను జనం నడుమ అవమానించలేదు. లేఖ రాశారు. హితవు కోరారు. ఆధారం చెప్పారు. తన జీవితంలో దాచుకోవలసినది ఏదీ లేకుండా చూసుకున్నారు. సుల్తాన్ చేతిలో ఉన్నదేదీ తనకు అక్కరలేనివాని మాటనే సుల్తాన్ ఆలకించక తప్పలేదు.

బైబర్స్ సమాధి డమాస్కస్‌లో, ఆయన పేర వెలసిన జాహిరియ్యా మదరసాలో ఉంది. ఇమామ్ నవవీని వారి సొంత ఊరైన నవాలోనే ఖననం చేశారు. సుల్తాన్ గెలిచిన కోటలలో అనేకం ఇప్పుడు శిథిలాలు. ఇమామ్ గ్రంథం మాత్రం ఈ సాయంత్రం అస్ర్ తర్వాత మన మసీదులో తెరుచుకుంటుంది. ఎవరి శ్రమను ఎంత కాలం నిలపాలో అల్లాహ్ ఎరుగును.

ఓ అల్లాహ్! మాకు అప్పగించినవారి పట్ల మమ్మల్ని న్యాయవంతులను చేయి. ఇతరుల నుండి కోరేముందు మా చేతిలో ఉన్నది ఇచ్చే మనసును ప్రసాదించు. మా సోదరీమణుల హక్కులను మా ఇళ్లలో నిలిపి ఉంచిన పాపాన్ని క్షమించి, వాటిని తిరిగి చెల్లించే ధైర్యాన్ని ఇవ్వు. మా పండితుల నాలుకలకు సత్యాన్ని, మా చెవులకు దానిని వినే సహనాన్ని అనుగ్రహించు. షేఖ్ ఇజ్జుద్దీన్‌ను, ఇమామ్ నవవీని కరుణించు. సుల్తాన్ బైబర్స్ చేసిన మేలును స్వీకరించి, అతని తప్పులను నీ చిత్తానుసారం క్షమించు. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హందులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.